చిన్న రైలుపెట్టెకు పాత రంగు

పిల్లలూ! స్టేషనులో రైలు వచ్చి ఆగినప్పుడు దాని పెట్టెల రంగు ఎప్పుడైనా గమనించారా? ఇప్పుడు చాలా బళ్ళకు ఎర్ర పెట్టెలుంటున్నాయి, కిటికీల వెంట బూడిదరంగు పట్టీతో. కొన్ని బళ్ళకు ఇంకా నీలం పెట్టెలు కనిపిస్తాయి. కాని మీ అమ్మా నాన్నా మీ వయసులో ఉండగా ఈ రెండూ కాదు. అప్పుడు దేశమంతటా మామూలు రైళ్ళకు ఒకటే రంగు. ఇటుకపొడిలో కాస్త కాఫీ డికాక్షను పోసి కలిపితే ఎట్లా ఉంటుందో అట్లాటి ముదురు ఎరుపు. మెరూన్ అనేవాళ్ళం. ఆ రంగు ఇప్పుడు మన పట్టాల మీద నుంచి దాదాపు మాయమైపోయింది. ఆ మాయమైన రంగును చేతిలో పట్టేటంత రైలు మీదికి మళ్ళీ ఎట్లా తేవచ్చునో మీకు చెబుతాను.

ముందు ఆ పెట్టెల కథ కొంచెం వినండి. 1955 అక్టోబరు 2వ తేదీన మద్రాసులోని పెరంబూరులో ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ అనే పెద్ద కర్మాగారాన్ని జవహర్‌లాల్ నెహ్రూగారు ప్రారంభించారు. ఒక స్విట్జర్లాండు కంపెనీ సహాయంతో అక్కడ ఉక్కు పెట్టెలు చేయడం మొదలుపెట్టారు. మీ తాతలు, మీ నాన్నలు సెలవులకు వెళ్ళిన ప్రయాణాలు చాలా భాగం ఆ నమూనా పెట్టెలలోనే జరిగి ఉంటాయి. వాటికి మెరూన్ రంగు వేసేవారు. 1990ల నుంచి నీలం రంగు వచ్చింది. అది అందానికి మాత్రమే చేసిన మార్పు కాదు. పాత పెట్టెలకు వాక్యూమ్ బ్రేకులుండేవి. అంటే గొట్టంలోని గాలిని తీసేసి ఉంచుతారు, గాలిని లోపలికి వదిలితే బ్రేకు పడుతుంది. కొత్తవాటికి ఎయిర్ బ్రేకులు. ఇందులో గొట్టం నిండా ఒత్తిడితో గాలి ఉంటుంది, దాన్ని బయటికి వదిలితే బ్రేకు పడుతుంది. రెండూ ఒకదానికొకటి పూర్తిగా తలకిందులు గదా! ఒక రకం పెట్టెను ఇంకో రకం బండికి తగిలిస్తే పని జరగదు. యార్డులో పనివాడు దూరాన్నుంచే పోల్చుకోవాలంటే రంగు కన్న మంచి గుర్తు ఏముంది? అంచేత ఎయిర్ బ్రేకుల పెట్టెలకు నీలం రంగు వేశారు. 2000 ప్రాంతంలో జర్మన్ నమూనా పెట్టెలు వచ్చాయి. చివరికి 2018 జనవరిలో పెరంబూరు కర్మాగారం ఆ పాత నమూనా పెట్టెల తయారీని ఆపేసింది. ఇప్పుడు పదేళ్ళున్న పిల్లవాడు మెరూన్ రైలును బొమ్మల్లో తప్ప చూసి ఉండడు.

నా సంగతికి వస్తే, 1960లలో మా నాన్నగారు మద్రాసు మూర్ మార్కెట్టులో కొని తెచ్చిన రేకు రైలు ఒకటి నాకుండేది. కీ ఇస్తే గిర్రున గుండ్రంగా తిరిగేది. తరువాత చదువు, ఉద్యోగం, సంసారం వచ్చాయి. ముప్పయ్యేళ్ళకు పైగా బడిపిల్లల మధ్య గడిపాను. రైలు అటక మీదనే ఉండిపోయింది. పదవీ విరమణ చేసిన ఏడాది అటక దులుపుతుంటే పెట్టె బయటపడింది. అప్పటి నుంచి మళ్ళీ ఈ ఆటలో పడ్డాను. అరవై ఏళ్ళు దాటినవాడికి ఈ ఆటలేమిటని ఇంట్లో మొదట నవ్వారు. ఇప్పుడు నా బల్ల మీది వస్తువులను ఎవరూ కదపరు, అంతవరకు గెలిచినట్టే.

ఈ బొమ్మ రైళ్ళకు పెద్ద చరిత్రే ఉన్నది. జర్మనీలో మార్క్‌లిన్ అనే కంపెనీవారు 1891లో లైప్జిగ్ సంతలో పట్టాలతో సహా బొమ్మ రైళ్ళను పెట్టి, వాటి కొలతలకు అంకెలు ఇచ్చారు. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1920 నుంచి బొమ్మ రైళ్ళు అమ్మాడు. మరమేకులతో బిగించి ఆడుకునే మెకానో ఆటను కనిపెట్టినవాడు ఆయనే. మొదట సున్నా నంబరు కొలత బాగా వాడుకలో ఉండేది. తరువాత ఇళ్ళలో చోటు చాలక అందులో సగం కొలత వచ్చింది. సగం సున్నా అని జర్మన్ భాషలో చెప్పి, పొడి అక్షరాలలో హెచ్.ఓ. అన్నారు. ఈనాడు ప్రపంచంలో ఎక్కువమంది ఆడేది దీనితోనే. ఇందులో ప్రతిదీ అసలు రైలులో 87వ వంతు.

కాగితం, పెన్సిలు తీసుకోండి. పెరంబూరు పెట్టె పొడవు 21,337 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే ఎంత? 245 మిల్లీమీటర్లు, చిల్లర. అంటే మీ అడుగు స్కేలు కన్న కొంచెం పొట్టి. ఇప్పుడు పట్టాల మధ్య దూరం చూడండి. యూరప్‌లో అది 1,435 మిల్లీమీటర్లు. భాగిస్తే పదహారున్నర. దుకాణంలో దొరికే హెచ్.ఓ. పట్టాలు సరిగ్గా అంతే ఉంటాయి. మరి మన దేశంలో బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. భాగిస్తే పందొమ్మిది పైచిలుకు! అంటే దుకాణంలోని పట్టాల మీద మన రైలు నడిపితే, పైన పెట్టె మన దేశానిది, కింద పట్టాలు పరాయి దేశానివి. మూడు మిల్లీమీటర్లు తక్కువ. కొందరు పట్టుదలగా పందొమ్మిది మిల్లీమీటర్ల పట్టాలు చేతితో చేసుకుంటారు. నేను మాత్రం సర్దుకుపోయాను. పెట్టె పక్కనుంచి చూస్తే ఆ తేడా కంటికి తగలదు.

ఇక రంగు సంగతి. మొట్టమొదట తేల్చుకోవలసినది, రంగు వేయాలా వద్దా అని.

మా మనమడికి తొమ్మిదేళ్ళు. అటక మీది రేకు రైలు పెట్టెను చూపించి, "తాతయ్యా, దీనికే మెరూన్ రంగు వేసేద్దాం. ఎంత గీసుకుపోయిందో చూడు!" అన్నాడు.

"వద్దు నాన్నా," అన్నాను.

"ఎందుకని?"

"ఈ పొడుగాటి గీత ఎవరు గీశారో తెలుసా? మీ అమ్మ. నాలుగేళ్ళప్పుడు దీనికి పురికొస కట్టి అరుగంతా ఈడ్చింది."

వాడు ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తరువాత వంటింట్లోకి పరుగెత్తాడు, వాళ్ళ అమ్మను నిలదీయడానికి.

గీతలు ఒక్కటే కారణం కాదు. పాత రేకు బొమ్మల తయారీ వేరు. చదునుగా ఉన్న రేకు మీద కిటికీలు, తలుపులు, లోపల కూర్చున్న మనుషులు అన్నీ ముందే అచ్చువేసి, తరువాత రేకును వంచి పెట్టెగా చేసేవారు. దాని మీద రంగు పూస్తే ఆ అచ్చు పోతుంది. అట్లాటి అచ్చు మళ్ళీ వేయించలేము. పైగా పాతకాలపు రంగులలో సీసం కలిసి ఉండవచ్చు. గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము ఊపిరిలోకి, చేతులనుంచి నోట్లోకి పోతుంది. సీసం చిన్నపిల్లల మెదడుకు చాలా హాని చేస్తుంది. మన దేశంలో ఇళ్ళ రంగులలో పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసం ఉండకూడదని 2016లో నిబంధన చేశారు. కాని అంతకు ముందు చేసిన బొమ్మకు ఆ నిబంధన ఏం తెలుసు? అంచేత తల్లిదండ్రులకు ఒక మాట. తాతల నాటి బొమ్మలను మెత్తని గుడ్డతో తుడిచి అద్దాల బీరువాలో పెట్టండి, పిల్లల చేత గీకించవద్దు. మేము మా రేకు పెట్టెను అట్లాగే ఉంచేశాము. బజారులో దొరికే ప్లాస్టిక్ నీలం పెట్టెలు నాలుగు కొని, పని వాటి మీద మొదలుపెట్టాము.

పెట్టెను విప్పి చక్రాలు, కిటికీ అద్దాలు, పైకప్పు వేరు చేయాలి. మరమేకులన్నీ ఒక సీసా మూతలో. అన్నట్టు, మనం పెట్టెను బోగీ అంటున్నాముగాని అసలు బోగీ అంటే పెట్టె కింద చక్రాలుండే చట్రం. ఒక్కొక్క పెట్టెకు రెండు బోగీలుంటాయి. ఇది బడిలో ఎందరో పిల్లలకు చెప్పాను. బయటికి వెళ్ళి వాళ్ళూ బోగీ ఎక్కామనే చెబుతారు, నేనూ అట్లాగే అంటాను!

కర్మాగారంలో వేసిన పాత రంగు, అక్షరాలు పోవాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మెల్లగా రుద్దాలి. ఇది పెద్దవాళ్ళ పని, కిటికీలు తెరిచి, మంటకు దూరంగా చేయాలి. ముందు పెట్టె అడుగున కనపడని చోట ఒక చుక్క వేసి చూడాలి. పెయింటు దుకాణంలో ఇచ్చే థిన్నర్ మాత్రం వాడకూడదు. అది రంగుతో పాటు ప్లాస్టిక్‌ను కూడా కరిగించేస్తుంది. తరువాత సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. ఇది పిల్లల పని. చేతి జిడ్డు అంటిన చోట రంగు పట్టదు గనక, కడిగిన తరువాత పెట్టెను అంచులతోనే పట్టుకోవాలి.

మొదటి పూత బూడిదరంగు ప్రైమర్. అది ప్లాస్టిక్‌కూ రంగుకూ మధ్య జిగురులాటిది. అంతేకాదు, నీలం ప్లాస్టిక్ మీద నేరుగా మెరూన్ వేస్తే ఊదాగా తేలుతుంది, ప్రైమర్ ఆ నీలాన్ని మింగేస్తుంది.

పూత ఎంత మందం ఉండాలి? మళ్ళీ పెన్సిలు తీయండి. మీ పూత మిల్లీమీటరులో పదోవంతు ఉన్నదనుకుందాం. దాన్ని 87తో హెచ్చవేస్తే దాదాపు తొమ్మిది మిల్లీమీటర్లు. అసలు రైలుకు వేలు మందాన రంగు పూస్తే ఎట్లా ఉంటుంది? తలుపు సందులు, మెట్లు, పిడులు అన్నీ పూడిపోవూ? అందుకే పాలలాగా పలచగా కలిపి, ఒక పూత ఆరిన తరువాత ఇంకో పూత వేయాలి. మేము నాలుగు పూతలు వేశాము. మొదటి పూత వేసినప్పుడు మచ్చలు మచ్చలుగా ఉండి మావాడు మొహం ముడుచుకున్నాడు. మూడో పూతకు మొహం విప్పారింది. మేము వాడినవి నీటితో కలిపే అక్రిలిక్ రంగులు. వాసన తక్కువ, కుంచె నీళ్ళలో కడిగితే చాలు.

సరే, మెరూన్ అంటే ఏ మెరూన్? ఇక్కడే నాకు వారం రోజులు పట్టింది. మా తెనాలిలో రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దలు ముగ్గురిని అడిగాను. ఒకరు ఇటుకరంగు అన్నారు. ఇంకొకరు వక్కరంగు అన్నారు. మూడోవారు గట్టిగా, "దానిమ్మ గింజ రంగు మాస్టారూ, నేను చూడలేదా!" అన్నారు. ఇంట్లో ఉన్న పాత ఫొటోలు తీస్తే అవి అసలే వెలిసిపోయి అంతా నారింజ రంగుకు తిరిగి ఉన్నాయి. ఆలోచిస్తే ముగ్గురూ నిజమే చెప్పారనిపించింది. వర్కుషాపు నుంచి అప్పుడే వచ్చిన పెట్టె మిలమిలా మెరుస్తుంది. మూడు వేసవులు ఎండలో తిరిగితే పాలిపోతుంది. బ్రేకుల ఇనుపపొడి, దుమ్ము పట్టితే నల్లబడుతుంది. ఒకే బండిలో మూడు రంగులూ ఉండేవి. అంచేత మేము నాలుగు పెట్టెలకూ ఒకే మెరూన్ వేయలేదు. ఒకదానికి కొత్త రంగు, రెండింటికి పాలిపోయిన రంగు, ఒకదానికి మురికిపట్టిన రంగు వేశాము. పక్కపక్కన నిలబెట్టాక నిజం బండిలాగా కనిపించింది.

ఇంకొక చమత్కారం ఉన్నది. అసలు రైలు రంగును ముక్క కోసి తెచ్చి అచ్చంగా అదే రంగు వేసినా, బొమ్మ మీద అది మరీ ముదురుగా కనిపిస్తుంది! అడుగు దూరంలో పెట్టుకుని బొమ్మను చూస్తున్నామంటే, అసలు రైలును 87 అడుగుల దూరంనుంచి చూస్తున్నట్టు లెక్క. దూరపు వస్తువుల రంగును మధ్యనున్న గాలి, వెలుతురు కాస్త కడిగేస్తాయి. దూరపు కొండలు పాలిపోయి కనిపించడం మీరు చూసిందే. పైగా మన బల్ల మీద ఎండ లేదు, దీపం వెలుతురే. అందుకని పది చుక్కల మెరూన్‌కు ఒక చుక్క లేత బూడిదరంగు కలిపాము.

పైకప్పుకు బూడిదరంగు వేసేటప్పుడు అది మెరూన్ మీదికి పాకకుండా మాస్కింగ్ టేపు అంటిస్తాము. ఎంత నొక్కినా టేపు అంచు కిందికి రంగు కొంచెం దూరుతుంది. దానికి ఒక ఉపాయం చెబుతాను. టేపు అంటించాక ఆ అంచు వెంట ముందు మెరూన్‌నే ఒకసారి పూయండి. దూరేదేదో మెరూనే దూరుతుంది, సందులు మూసుకుపోతాయి. అది ఆరాక బూడిదరంగు వేయండి. టేపు తీస్తే గీత కత్తితో కోసినట్టు ఉంటుంది. కిటికీల అడ్డు కమ్మీలకు పాత ఫోను వైరులోని సన్నని రాగితీగలు సరిపోయాయి. అవి అంటించడానికి మాత్రం నా కళ్ళు చాల్లేదు. ఆ పని మావాడిది.

అక్షరాలకు కాగితం మీద అచ్చువేసిన నీటి బొమ్మలు దొరుకుతాయి. నీళ్ళలో నానబెట్టి జారిస్తే పెట్టెకు అతుక్కుంటాయి. గరుకు రంగు మీద అంటిస్తే అడుగున గాలి చిక్కుకుని వెండిలాగా మెరుస్తుంది. అంచేత ముందు నిగనిగలాడే వార్నిషు, తరువాత అక్షరాలు, ఆ పైన మెరుపు లేని వార్నిషు.

ఏ అంకె వేయాలి అన్నది మావాడి ప్రశ్న. పెట్టె నంబరు ఊరికే వేసిన అంకె కాదు. ఐదంకెల నంబరులో మొదటి రెండు ఆ పెట్టె తయారైన సంవత్సరం. చివరి మూడు దాని జాతి. 201 నుంచి 400 వరకు అయితే స్లీపరు, 401 నుంచి 600 వరకు అయితే జనరలు. ఈసారి స్టేషనుకు వెళ్ళినప్పుడు మీరు ఎక్కబోయే పెట్టె వయసెంతో లెక్కగట్టండి. మావాడు జనరలు పెట్టెకు 90తో మొదలయ్యే నంబరు వేయమన్నాడు, అది వాళ్ళ అమ్మ పుట్టిన సంవత్సరమట. పక్కన దక్షిణ మధ్య రైల్వే పొడి అక్షరాలు వేశాము. ఆ రైల్వే 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడింది.

బరువు మాట ఒకటి మిగిలింది. అసలు పెట్టె సుమారు 40 టన్నులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 87వ వంతుకు తగ్గాయి గనక, బరువును 87తో మూడుసార్లు భాగించాలి. అరవై గ్రాములు వస్తుంది. కాని అరవై గ్రాముల పెట్టె పట్టాల అతుకు తగలగానే ఎగిరి పడుతుంది. అమెరికాలో 1935లో ఏర్పడిన చిన్నరైళ్ళ సంఘంవారు దీనికి ఒక లెక్క పెట్టారు. పెట్టె ఒకటికి ఒక ఔన్సు, ఆపైన అంగుళానికి అర ఔన్సు. మా పెట్టెకు అది సుమారు 165 గ్రాములయింది. అడుగున ఇనుప వాషర్లు అంటించాము. బరువు ఎంత కిందికి ఉంటే పెట్టె అంత నిలకడగా నడుస్తుంది.

నాలుగు పెట్టెలూ ఆరిన మర్నాడు, దానిమ్మ గింజ రంగు అన్న పెద్దాయనను పిలిచాము. ఆయన ముప్పయ్యారేళ్ళు గార్డుగా పనిచేశారు. ఆయన రంగు చూస్తారని మేము కాచుకుని ఉన్నాము. ఆయన నేరుగా బండి చివరికి పోయి, ఆఖరి పెట్టె వెనక భాగాన్ని చూశారు.

"ఇంటూ గుర్తు ఏదిరా అబ్బాయ్?" అన్నారు.

"ఎందుకండీ?" అన్నాడు మావాడు.

"బండి వెళ్ళిపోయేటప్పుడు స్టేషను మాస్టరు చూసేది దాన్నే. దారిలో కొక్కెం తెగి రెండు పెట్టెలు వెనక పట్టాల మీదనే ఉండిపోయాయనుకో. గొట్టం తెగితే బ్రేకులు వాటంతటవే పడతాయిలే. కాని బండి ముందు భాగం ఎట్లాగో స్టేషను దాటిపోయిందనుకో, వెనక పెట్టెలున్నాయని తెలియక ఇంకో బండిని పంపితే? ఆఖరి పెట్టె మీద ఇంటూ గుర్తు, ఎల్.వి. పలక, రాత్రయితే ఎర్ర దీపం కనిపిస్తేనే బండి మొత్తం వచ్చినట్టు. కనపడకపోతే వెనక బండికి లైను ఇవ్వరు."

మావాడు నోరు తెరుచుకుని విన్నాడు. గార్డుగారు ఒక్కొక్క పెట్టెనూ ఎత్తి, కళ్ళజోడు పైకి జరిపి చూశారు. మురికిపట్టిన పెట్టెను చాలాసేపు చేతిలోనే పెట్టుకున్నారు. దానిమ్మ గింజ మాట ఎత్తలేదు. మెల్లగా బల్ల మీద పెట్టి, "అన్నీ బాగున్నాయి మాస్టారూ. కాని నాలుగూ ప్రయాణీకుల పెట్టెలే. జెండా పట్టుకుని నేనెక్కడ నిలబడను?" అన్నారు.

ఐదో పెట్టె గార్డుగారిది. దాని నంబరు 701కీ 800కీ మధ్య ఉండాలి. వెనకవైపు పసుపుపచ్చని ఇంటూ గుర్తు మావాడే వేస్తానంటున్నాడు. ప్రస్తుతం ఆ పెట్టె సబ్బునీళ్ళలో నానుతున్నది.